ఎత్తబడేలోగా

బరంపురం, 11 జనవరి 1942, ఆదివారం

ఈ నోటుపుస్తకం మా వారు తను పాఠాలు చెప్పే బడి నుంచి తెచ్చి ఇచ్చారు, గుడిలో విన్న ప్రసంగాలు రాసుకోమని. మొదటి పేజీలోనే మాట తప్పుతున్నాను. ప్రసంగం కాదు, నా సంగతి రాస్తున్నాను.

నాలుగో నెల నడుస్తోంది. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళకి, నా ముప్ఫై అయిదో ఏట. ఇంతకుముందు రెండుసార్లు మూడో నెల దాటలేదు. ఈసారి దాటింది. ఈ మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను.

ప్రభువుకి స్తోత్రం.

18 జనవరి, ఆదివారం

కాకినాడ వైపు నుంచి జ్ఞానరత్నంగారనే ప్రసంగీకుడు వచ్చారు. ఈస్టరు దాటేదాకా మా సంఘంలోనే ఉంటారట. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోతున్న మనిషిలా ఉంటారు. ఆయన ఒక గుడ్డ పటం తెచ్చి గుడిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టారు. ఎడమ చివర సృష్టి నాటి తోట, కుడి చివర పరలోకపు బంగారు పట్టణం. మధ్యలో జానెడు వెడల్పున నల్ల పట్టీ. అది ఏడేండ్ల మహాశ్రమ కాలం. దానికి సరిగ్గా ముందు, తెల్లబట్టలు కట్టుకున్న చిన్న చిన్న మనుషులు మేఘాల్లోకి లేచిపోతూ ఉన్నారు.

"రంగూను మీద బాంబులు పడుతున్నాయి. ఇంకా ఏ గుర్తులు కావాలి?" అన్నారు ఆయన. "అయినా విశ్వాసులారా, భయపడకండి. ఈ నలుపులో మనం అడుగు పెట్టం. దానికి ముందే ప్రభువు మధ్యాకాశంలోకి వచ్చి తన సంఘాన్ని ఎత్తుకుంటాడు. రెప్పపాటులో!"

గుడి నిండా నిట్టూర్పులు వినిపించాయి. అందరికీ భారం దిగినట్టయింది. మా పాస్టరు అప్పయ్యగారు మాత్రం తల ఆడిస్తూ కూర్చున్నారు. ఆయన రామయ్యపట్నం జాలరి ఇంట్లో పుట్టినవారు, డెబ్భై దాటాయి. చివర్న లేచి అన్నారు, "శ్రమ దాటేకే ఒస్తాడని నాను సదూకున్నాను బాబూ. ముందే ఒస్తే మంచిదే. రాకపోయినా మనల్ని ఒగ్గెయ్యడు, అదొక్కటే నాకు తెలుసు."

ఇంటికి వచ్చాక మా వారు భోజనం చేస్తూ కూడా పటం గురించే మాట్లాడారు. "ముందే, సంతోషమ్మా. ముందే వస్తాడు. నువ్వు ఏ కష్టమూ పడక్కర్లేదు." ఆయన మొహంలో అంత వెలుగు నేను చాన్నాళ్ళుగా చూడలేదు.

గుడిలో ఆఖర్న అందరం కలిసి "ప్రభువా, రమ్ము" అని ప్రార్థించాం. నేనూ పెదాలతో అన్నాను. లోపల మాత్రం ఇంకోటి అన్నాను.

జూన్ దాకా ఆగు, అన్నాను.

25 జనవరి, ఆదివారం

ప్రశ్నలు చీటీల మీద రాసి ఇవ్వమన్నారు. పేరు రాయకుండా ఒకటి వేశాను. "కడుపులో ఉన్న బిడ్డ సంగతి ఏమిటి?"

ఆయన చదివి నవ్వారు. మంచి నవ్వే. "తల్లి ఎక్కడుంటే బిడ్డ అక్కడే. విశ్వాసురాలితోపాటు ఆమె గర్భమూ ఎత్తబడుతుంది." నా గుండె తేలికపడింది. అంతలోనే ఆయన వేలెత్తారు. "కాని గుర్తుంచుకోండి. ఆయన రాకడ కోసం నిజంగా ఆశపడేవారే వెళతారు. పైకి రమ్మంటూ లోపల వద్దనుకునేవాళ్ళు ఆ క్షణాన ఇక్కడే మిగిలిపోతారు."

మిగిలితే ఆ నల్ల పట్టీలో. గర్భిణులకి ఆ రోజుల్లో ఎంత శ్రమో ప్రభువే చెప్పాడు.

26 జనవరి

ఇకమీదట ఆ ప్రార్థన చెయ్యను.

27 జనవరి

చేశాను.

12 ఫిబ్రవరి

బిడ్డ కదిలింది. ఎడమ పక్కన, చేప తోక ఆడించినట్టు. పెరట్లో బట్టలు ఆరేస్తున్నదాన్ని అక్కడే నిలబడిపోయాను. స్తోత్రం, స్తోత్రం.

మా వారు ఇంటి పెంకులు సర్దించడం లేదు. ఏటా మాఘంలో సర్దిస్తారు. అడిగితే, "వానలు పడేలోగా మనం ఇక్కడ ఉండం కదా" అన్నారు. నిన్న తన గొడుగు కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చారు.

నేను చిన్న చొక్కాలు రెండు కుట్టాను. పాస్టరమ్మగారి మనవరాలికి.

20 ఫిబ్రవరి

ఇంకో మూడు కుట్టాను. పాస్టరమ్మగారి మనవరాలికి అయిదేళ్ళు నిండాయి. ఈ చొక్కాలు దాని చేతికి కూడా పట్టవు. నాకు తెలుసు.

3 మార్చి, మంగళవారం

ప్రతి మంగళవారం, శుక్రవారం నేను కోమట్ల వీధిలో వరహాలమ్మగారింటికి వెళతాను. వాళ్ళది పసుపు, చింతపండు టోకు వ్యాపారం. ఆవిడ కోడళ్ళిద్దరికీ లేసు అల్లడం, చదవడం నేర్పుతాను. పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో వీధరుగు దాటి లోపలికి వెళ్ళలేదు. నాకు మంచినీళ్ళు ఇచ్చే గ్లాసు అరుగు మీద గూట్లోనే ఉంటుంది. దాని గురించి ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. అయినా ఆవిడ అంటే నాకు ఇష్టం. నాకు జ్వరమొస్తే మిరియాల కషాయం పంపే మనిషి ఇంకెవరున్నారు?

ఇవాళ కోడళ్ళని లోపలికి పంపేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటే, ఎన్నాళ్ళు దాస్తావు? నాను ఆరుగురిని కన్నాను. నీ నడక సూస్తే తెల్దా?"

నేను ఏడ్చాను. సంతోషంతోనే. ఆవిడ నన్ను ముట్టుకోలేదు గాని పక్కనున్న స్తంభాన్ని గట్టిగా నిమురుతూ కూర్చుంది.

"నీ దేవుడు మంచోడే," అంది. "లేటుగా ఇచ్చినాడు గాని ఇచ్చినాడు."

ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. ప్రభువు ముందే వస్తే వరహాలమ్మగారు ఆ నల్ల పట్టీలో ఉంటుంది. ఆవిడా, ఆవిడ కోడళ్ళూ, వాళ్ళ పిల్లలూ. నేను పైనుంచి చూస్తూ ఉంటానా?

24 మార్చి

సంఘం ఆడవాళ్ళం స్టేషనుకి గంజి కుండలు తీసుకెళుతున్నాం. బర్మా నుంచి వచ్చినవాళ్ళతో రైళ్ళు కిక్కిరిసి ఉంటున్నాయి. మన గంజాం జిల్లావాళ్ళే ఎందరో, కూలికీ ఓడరేవు పనికీ వెళ్ళినవాళ్ళు. కిటికీల్లోంచి చేతులు చాచి "పాణి! పాణి!" అని నీళ్ళు అడుగుతారు. కొందరి కాళ్ళకి గుడ్డలు కట్టి ఉన్నాయి. ఆ గుడ్డలు విప్పితే చూడలేం.

ఇవాళ జగ్గమ్మ అనే ఆవిడ దిగిపోయింది. యాభై ఏళ్ళుంటాయి. మన విశ్వాసురాలే, పొలసర ఊరి ఆడపడుచు, ముప్ఫై ఏళ్ళ కిందట భర్తతో రంగూను వెళ్ళిందట. అక్కడ కూలిపేటల్లో మంత్రసానిగా ఉండేది. ఇప్పుడు పొలసరలో తనవాళ్ళంటూ ఎవరూ లేరు. పాస్టరమ్మగారు ఇంటికి తీసుకొచ్చారు. రాగానే నా పొట్ట చూసి, "ఎన్నో నెల?" అంది. తన గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

29 మార్చి, మట్టల ఆదివారం

ఇవాళ జరిగింది మరిచిపోకుండా రాసుకోవాలి.

ఆరాధన అయ్యాక మగవాళ్ళు మళ్ళీ వాదన పెట్టుకున్నారు. ముందా, తరవాతా. ఆసుపత్రి కాంపౌండరు కొత్తగా మధ్యలో అంటున్నాడు, ఏడేళ్ళలో మూడున్నర గడిచాక అని. జ్ఞానరత్నంగారు కర్రతో పటం మీద చూపిస్తున్నారు. వెనక బల్ల మీంచి జగ్గమ్మ లేచింది.

"బాబూ, నాకు సదువు రాదు. ఒక మాట అడగనా?"

"అడుగమ్మా."

"ఆ నల్లపట్టీలోకి మనం ఎల్లం అంటన్నారు. నాను రంగూన్నించి నడిసొచ్చినాను. ప్రోము ఊరు దాటేక కొండల్లో నా పెనిమిటి కలరాతో పోనాడు. సేతుల్తో మట్టి తవ్వి కప్పినాను. మాతో నడిసిన పిల్లతల్లి లెగలేక దారిలోనే ఉండిపోనాది. వోళ్ళూ నమ్మినోళ్ళే. పొద్దూ మాపూ ప్రార్థన సేసుకుంటానే నడిసేం. ఎవుల్నీ ఎత్తుకోనేదు. మరి మేం నడిసిన దారి మీ పటంలో ఎక్కడున్నాది?"

జ్ఞానరత్నంగారి చేతిలో కర్ర పటం మీదే ఆగిపోయింది.

"తప్పు పట్టడానికి అడగనేదు బాబూ," అంది జగ్గమ్మ. "నాలిక పిడసగట్టుకుపోయి పడున్నప్పుడు ఒక ముసలి బర్మా మనిసి ఎదురుబొంగులో నీళ్ళు తెచ్చి పోసింది. దాని భాష నాకు రాదు. ఆ నీళ్ళు ఎవులు పంపినారో మాత్రం తెలుసు. ముందొస్తాడో తరవాతొస్తాడో నాను సెప్పలేను. నడిమిన ఉన్నాడు. అది నాను సూసినాను."

కూర్చుంది. జ్ఞానరత్నంగారు కర్ర కింద పెట్టి, "అమ్మా, మీరు ప్రార్థన చెయ్యండి" అన్నారు. ఆవిడ నాలుగు మాటల్లో చేసి ముగించింది. నాలుగూ కృతజ్ఞతలే.



31 మార్చి

జ్ఞానరత్నంగారి గురించి పాస్టరమ్మగారు చెప్పారు. ఆయన పిల్లలు ముగ్గురూ ఒకే వారంలో కలరాతో పోయారట. ఆ మరుసటి ఏడాది భార్య కూడా. అప్పటినుంచి ఆ పటం భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతున్నారు.

ఆయన మీద నాకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కోపం ఉందన్న సంగతే అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన మనుషులందరూ అక్కడున్నారు. నా మనిషి ఇంకా ఇక్కడికి రావలసి ఉంది. అంతే తేడా.

3 ఏప్రిల్, మంచి శుక్రవారం

ఇక మొయ్యలేక అప్పయ్యగారికి చెప్పేశాను. గుడి మెట్ల మీద కూర్చుని ఉంటే వెళ్ళి, నించునే చెప్పాను. "తాతగారూ, నేను రమ్మని కాదు, ఆగమని ప్రార్థిస్తున్నాను. ఇప్పుడాయన వస్తే నేను మిగిలిపోతాను."

ఆయన కళ్ళు చికిలించి నన్ను చూశారు.

"కూకో ముందు. కాళ్ళు సూడు ఎలా పొంగినాయో."

కూర్చున్నాను.

"మా అయ్య తెప్పేసుకుని ఎల్లీవోడు. ఎప్పుడొస్తాడో తెల్దు. గాలొస్తే రెండ్రోజులు, మూడ్రోజులు. మా యమ్మ ఒడ్డునే కూకుని సూసీది. అలాగని ఉత్తినే కూకునీది కాదు. వల బాగుసేసీది, సేపలెండేసీది, మా సెల్లికి పాలిచ్చీది. అయ్య ఒచ్చేక, నా కోసం సూడకుండా పిల్లకి పాలెందుకిచ్చేవని అడగలేదమ్మా ఏనాడూ."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"ఇంకోటి. ఆయన ఆగబట్టేగదా నువ్వూ నానూ నమ్ముకున్నాం? పంతొమ్మిది వందల ఏళ్ళు ఆగినోడు, జూను నెల దాకా ఆగమంటే కోప్పడతాడేటి?"

నవ్వు వచ్చింది. మంచి శుక్రవారం నాడు గుడి మెట్ల మీద నవ్వాను. క్షమించు ప్రభువా. క్షమించావని తెలుసు.

7 ఏప్రిల్, మంగళవారం

నిన్న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ కబురు ఇవాళ మధ్యాహ్నం మా పేటకి వచ్చింది. వచ్చినప్పుడు నేను వెనక గదిలో నిద్రపోతున్నాను. పాదాల వాపు ఎక్కువగా ఉండి వరహాలమ్మగారింటికి వెళ్ళలేదు.

లేచేసరికి ఏదో తేడాగా ఉంది. చప్పుడు లేదు. వీధిలోకి వచ్చాను. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, మనుషులు లేరు. పాస్టరుగారింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద గంజి పొంగి నిప్పు మీద పడుతోంది. చాప మీద తెరిచిన బైబిలు, దాని మీద పాస్టరమ్మగారి కళ్ళజోడు. కత్తిపీట పక్కన సగం తరిగిన ములక్కాడ. గుమ్మంలో చెప్పుల జతలు. పేరు పేరునా పిలిచాను. ఎదురింటి మేక ఒక్కటే తలెత్తి చూసింది.

వెళ్ళిపోయారు, అనుకున్నాను. రెప్పపాటులో వెళ్ళిపోయారు. నేను మిగిలిపోయాను.

మా ఇంటి గుమ్మంలో కూర్చుండిపోయాను. ఆశ్చర్యం ఏమిటంటే నా గురించి భయం వెయ్యలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "అమ్మా, నాతోపాటు నిన్నూ ఉంచేశాను" అన్నాను. పైకే అన్నాను. ఆ మాటకంటే బరువైన మాట నా జీవితంలో అనలేదు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. బండి చప్పుడు వినిపించింది. ఎడ్లబండి ముందు వరహాలమ్మగారు కూర్చుని ఉంది, ఎండకి మొహమంతా ఎర్రబడి.

"ఏటే, ఇక్కడ కూకుండిపోనావు? ఊరంతా ఎల్లిపోతంటే! నీ మొగుడు నీకోసం మా ఇంటికొచ్చి, నువ్వు నేవని ఆసుపత్రి కేసి పరిగెట్టినాడు. లే, లే!"

లేచి ఆవిడని కావలించుకున్నాను. పదేళ్ళలో మొదటిసారి ముట్టుకున్నాను. నేను చేసినది నాకే తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆవిడ వెనక్కి జరగలేదు.

"ఏటయిందే? అలా వణికిపోతన్నావేటి?"

"అందరూ... మీరు ఉన్నారు," అన్నాను.

తరవాత తెలిసింది. విమానాలొస్తున్నాయని ఎవరో అరిస్తే పేటంతా ఉన్నపళంగా బడి వెనక మామిడితోటలోకి పరిగెత్తిందట. నేను ఇంట్లో ఉన్నానని ఎవరూ అనుకోలేదు. మంగళవారం కదా. జ్ఞానరత్నంగారు కూడా తోటలో బోర్లా పడుకుని ఉన్నారట. అది విని నవ్వుకోవాలనిపించింది గాని నవ్వలేదు.

విమానాలు రాలేదు.

8 ఏప్రిల్

వరహాలమ్మగారి కుటుంబం దిగపహండిలోని తమ ఇంటికి వెళ్ళిపోతోంది. నన్నూ రమ్మంటోంది. "ఈ పొట్టేసుకుని రైళ్ళెమ్మటా తోటలెమ్మటా ఎలా పరిగెడతావు?"

మా వారు ఒప్పుకోలేదు. "పారిపోవడం అవిశ్వాసం కాదా? ఇంక ఎన్నో రోజులు లేవు. నీకు నమ్మకం లేదా?"

అప్పుడు చెప్పేశాను. "నేను రావద్దని ప్రార్థిస్తున్నాను. జనవరి నుంచీ. రోజూ."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పెరట్లోకి వెళ్ళారు. వచ్చి నా ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టారు. అడుగున దాచిన చిన్న చొక్కాలు బయటపడ్డాయి. పదకొండు. ఒక్కొక్కటీ మడత విప్పి చూసి, మళ్ళీ అలాగే మడిచి పైన పెట్టారు.

"జగ్గమ్మగారిని కూడా తీసుకెళ్ళు," అన్నారు.

దిగపహండి, 13 ఏప్రిల్

క్షేమంగా చేరాం. పెరటి వైపు చింతపండు కొట్టుగది నాకూ జగ్గమ్మకీ ఇచ్చారు. గదంతా పుల్లటి వాసన, నోట్లో ఎప్పుడూ నీళ్ళూరుతూ ఉంటాయి. మా వంట మేమే చేసుకుంటాం. వరహాలమ్మగారి అత్తగారు ఇంకా ఉన్నారు, తొంభై ఏళ్ళు. మేం వచ్చామని ఆవిడకి ఇష్టం లేదు. ఆమె నిద్రపోతున్నప్పుడే కోడళ్ళు నా దగ్గరికి అల్లిక నేర్చుకోడానికి వస్తారు.

2 మే

ఎండ. రాయడానికి ఏమీ లేదు. బిడ్డ బాగా తన్నుతోంది. స్తోత్రం.

17 మే

మా వారి ఉత్తరం వచ్చింది. బరంపురంలో బెదురు తగ్గిందట. బడి మూసేశారు గనక ఆయన రోజంతా స్టేషనులోనే ఉంటున్నారు. జ్ఞానరత్నంగారు వెళ్ళిపోలేదు. ఆయనా స్టేషనులో గంజి పోస్తున్నారట. కలరా రోగులని ముట్టుకోడానికి అందరూ జంకుతుంటే ఆయనొక్కరే ఎత్తి బండిలో పడుకోబెడుతున్నారట. ఆ పటం గుడి బీరువాలో ఉందట.

రాకడ గురించి ఈ ఉత్తరంలో ఒక్క మాటా లేదు. రెండుసార్లు వెతికాను.

22 జూన్

నాలుగు రోజుల తరవాత కూర్చోగలిగాను. ఆడపిల్ల.

పద్ధెనిమిదో తారీకు గురువారం, తెల్లారుతూనే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి జగ్గమ్మ మొహం మారింది. బిడ్డ అడ్డం తిరిగింది. బయట కుండపోత. బరంపురం తీసుకెళ్ళడానికి బండి కట్టినా వాగు దాటదు. కొట్టుగది పైకప్పు కారుతోంది, చింతపండు బుట్టలు తడుస్తున్నాయి. వరహాలమ్మగారు వచ్చి చూసి, "లోపలికి తీసుకురండి" అంది.

వాళ్ళ అత్తగారు ఏదో గట్టిగా అంటున్నారు. వరహాలమ్మగారు గుమ్మంలో నిలబడి, "అత్తా, తరవాత తిట్టు. నాకిప్పుడు పనున్నాది" అంది. ఇద్దరు కోడళ్ళూ నన్ను మోసుకెళ్ళారు. వీధరుగు దాటనిదాన్ని నడిమింటిగదిలో, ఆవిడ మంచం మీద పడుకోబెట్టారు.

తరవాతది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పొట్ట మీంచి బిడ్డని తిప్పుతున్న జగ్గమ్మ చేతులు. "కొండల్లో నిన్నొగ్గేసి ఒచ్చినాను, ఇక్కడ కూడా ఒగ్గేస్తానేటి? ఊపిరి తియ్యి!" ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో నాకు అర్థమైంది. దారిలో ఉండిపోయిన ఆ పిల్లతల్లితో. వరహాలమ్మగారు నా తల ఒళ్ళో పెట్టుకుని తన దేవతని పిలుస్తోంది. నేను నా ప్రభువుని పిలుస్తున్నాను. ఒకసారి మాత్రం, ఆ నొప్పిలో, "ఇప్పుడే రా, ఇప్పుడే తీసుకుపో" అని అరిచాను. ఆరు నెలల్లో అదొక్కటే నేను నిజంగా రమ్మని చేసిన ప్రార్థన. ఆయన వినిపించుకోలేదు. స్తోత్రం.

దీపాలు పెట్టక ముందే పుట్టింది. ఏడవలేదు. జగ్గమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. రెండుసార్లు. మూడోసారికి ఏడ్చింది. ముందుగా చేతుల్లోకి తీసుకున్నది వరహాలమ్మగారు. మడి లేదు, మైల లేదు, తన పట్టుచీర కొంగుతోనే తుడిచింది.

"సూడే, సూడు! నీ ముక్కే!"

మా వారు మరునాడు పొద్దున్న వాగు తగ్గాక వచ్చారు, మోకాళ్ళదాకా బురదతో. గొడుగు లేదు కదా, తడిసి ముద్దయి ఉన్నారు. గుమ్మంలోనే కూలబడి పిల్లల్లా ఏడ్చారు.

"క్రిందటిసారి లేడీ డాక్టరు నాతో చెప్పింది," అన్నారు. "మళ్ళీ కడుపొస్తే నీ ప్రాణానికే ముప్పని. నీతో చెప్పలేదు. ఆ పటం చూశాక అనిపించింది, జూన్ లోపే ఆయన వచ్చేస్తే నిన్ను పోగొట్టుకోకుండా ముగ్గురం కలిసి వెళ్ళిపోవచ్చని. అందుకే..."

నేను ఆగమని, ఆయన రమ్మని. ఒకే చాప మీద పక్కపక్కన మోకరించి, ఒకే బిడ్డ గురించి.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇంకేం రాయను ఇవాళ.

బరంపురం, 26 జూలై, ఆదివారం

పిల్లకి గుడిలో పేరు పెట్టాం. వరకృప. కృప అన్నది మా వారు. ముందున్న 'వర' నేను కలిపాను. ఎవరి పేరులోంచి తీసుకున్నానో అప్పయ్యగారికి అర్థమైంది. నవ్వి ఊరుకున్నారు.

ఇంటి కప్పు నాలుగు చోట్ల కారుతోంది. మా వారు నిచ్చెన వేసుకుని వానలో పెంకులు సర్దుతున్నారు. వీధిలో వెళ్ళేవాళ్ళందరూ ఆగి ఒక మాట అని వెళుతున్నారు. ఆయన తలవంచుకుని పని చేసుకుంటున్నారు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

జ్ఞానరత్నంగారు రేపు వెళ్ళిపోతున్నారు, చిట్టగాంగు వైపు కాందిశీకుల శిబిరాల్లో పని చెయ్యడానికి. పిల్లని చేతుల్లో పెట్టాను. తల ఎలా పట్టుకోవాలో ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ చీటీ రాసింది మీరే కదూ?" అన్నారు.

అవునన్నాను.

"నేను చెప్పిన జవాబులో మొదటి సగం ఉంచుకోండి. రెండో సగం నాకిచ్చెయ్యండి."

ముందే వస్తాడన్న మాట ఆయన వదలలేదు. అప్పయ్యగారు తరవాతే అంటున్నారు. కాంపౌండరు ఇంకా మధ్యలోనే ఉన్నాడు. నేను ఎవరి పక్షమూ కాదు. ప్రభువు వస్తాడు. ఆ మాట మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ నమ్ముతున్నాను.

6 డిసెంబరు, ఆదివారం

మధ్యాహ్నం పిల్లని తీసుకుని, దిగపహండి నుంచి తిరిగొచ్చిన వరహాలమ్మగారింటికి వెళ్ళాను. ఆదివారం ఎప్పుడూ వెళ్ళను. ఇవాళ రాకడ మీద ప్రసంగం విన్నాక వెళ్ళాలనిపించింది. అరుగు మీదే కూర్చున్నాం. లోపలికి రమ్మంటుంది గాని వాళ్ళ అత్తగారికి ఒంట్లో బాగాలేదు, ఆవిడ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. వరహాలమ్మగారు పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"జగ్గమ్మ సెప్పింది. మీ దేవుడొచ్చి మీ వోళ్ళందర్నీ మబ్బుల్లోకి ఎత్తుకుపోతాడంట గదా? నిజవేనా?"

"నిజమే."

"ఎప్పుడు?"

"ఎవరికీ తెలీదు."

"ఎంతసేపు పడతాది?"

"రెప్పపాటు."

ఆవిడ చెయ్యి ఆగింది. "అయితే నాతో సెప్పకుండానే ఎల్లిపోతావేటి? దీన్ని కూడా అట్టుకుని?"

అంతకుముందెప్పుడో అయితే, మీరు కూడా నమ్ముకోండి, మీరూ రండి అనేదాన్ని. ఎన్నోసార్లు అన్నాను కూడా. ఇప్పటికీ రోజూ ఆవిడ పేరు ప్రభువు దగ్గర పెడుతూనే ఉన్నాను, చచ్చేదాకా పెడతాను. కాని ఇవాళ ఆవిడ అడిగింది అది కాదు.

రెప్పపాటులో ఏం చెప్పగలను? అందుకని ఇప్పుడే చెప్పాను. పదేళ్ళ మిరియాల కషాయాల దగ్గర మొదలుపెట్టాను. బండి తోలుకుని ఆ ఖాళీ పేటలోకి వచ్చినందుకు, నేను కావలించుకుంటే వెనక్కి జరగనందుకు, అత్తగారి మాట కాదన్నందుకు, మంచానికి, పట్టుచీరకి, నా తల పెట్టుకున్న ఒడికి, ఆవిడ ఎవరిని పిలిచిందో ఆ పిలుపుకి కూడా. ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పాను. ఏమీ వదల్లేదనుకుంటాను. ఆవిడ తల ఎత్తలేదు. నూనె గిన్నెలో వేలు ముంచి అలాగే ఉండిపోయింది.

అంతా అయ్యాక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సాల్లే," అంది. "పిల్ల ఆకలికి సేతులు నాకేసుకుంటంది. పాలియ్యి."